కట్టని ఠాణాలో మొదటి శవం

మఖ్లూఫ్ చచ్చిపోయాడని ఫోనులో విన్నప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం. డ్యూటీ ఆ తర్వాత గుర్తొచ్చింది.

అబద్ధం చెప్పి ఏం లాభం? నాలుగేళ్ళుగా ఆ కాంట్రాక్టరు చావుని రకరకాలుగా ఊహించుకున్నదాన్ని. ఏ ఊహలోనూ వాడు నా ఠాణాలోనే పడి చచ్చి, ఆ చావు దర్యాప్తు నా నెత్తినే పెట్టలేదు.

నా ఠాణా అంటున్నాను గాని, అక్కడున్నది ఇనుప కంచె, ఒక గేటు, కొన్ని సిమెంటు స్తంభాలు, వాటి మీద ఈ ఉదయమే పోసిన పైకప్పు. చుట్టూ పదహారు వందల ఇళ్ళు. మా అల్జీరియాలో ప్రభుత్వ కాలనీలకి పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, ఇళ్ళ లెక్కే పేరైపోతుంది. రెండు గుడిసెల పేటల జనాన్ని ఎత్తుకొచ్చి ఈ కాలనీలో కుమ్మరించారు. వాళ్ళకి తాతల నాటి నుంచీ పడదు. కుర్రాళ్ళు కత్తులు పట్టుకుని మెట్ల మీద పరిగెత్తడం మొదలయ్యాక, ఠాణా కట్టిస్తామని పెద్దలొచ్చి శంకుస్థాపన రాయి వేశారు. దానికి అధికారిగా నన్ను, ఇన్‌స్పెక్టర్ నవారాని, నియమించారు. ఆలు లేదు చూలు లేదన్న సామెత నా ఉద్యోగం చూసే పుట్టిందేమో. నాలుగేళ్ళ నుంచి నగరంలోని పెద్ద ఠాణాలో, నీళ్ళ కుండ పక్కన, ఒక కుర్చీలో కూర్చుని నా ఠాణా కోసం ఎదురుచూస్తున్నాను.

మఖ్లూఫ్ మూడుసార్లు పని మొదలుపెట్టాడు, మూడుసార్లు ఆపేశాడు. ఒకసారి నేల మెత్తగా ఉందన్నాడు, ఒకసారి ఇనుము రాలేదన్నాడు, ఒకసారి కారణం చెప్పడం కూడా మానేశాడు. కాలనీలో పోలీసు ఠాణా తలుపు తెరిచేదాకా ఆ నేల మీద అధికారం జండార్మ్‌లది. వాళ్ళు సైన్యం కింద ఉండే పల్లెటూరి పోలీసులు, వాళ్ళ శిబిరం కొండ అవతల. పిలిస్తే వాళ్ళు రావాలి, నేను రాకూడదు. అదీ చట్టం.

పోయిన రంజాన్‌లో ఉపవాసం విడిచే వేళకి రెండు పేటలవాళ్ళు కొట్టుకున్నారు. హద్దా పిన్ని కొడుకు రమ్జీ ఆ గొడవలో లేడు, రొట్టెలు కొనుక్కుని ఇంటికొస్తున్నాడు. తొడ మీద కత్తి దిగింది. జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. జండార్మ్‌లు తాపీగా భోంచేసి, కాఫీ తాగి వచ్చేసరికి వాడి ఒంట్లో నెత్తురు లేదు. ఠాణా ఉండి ఉంటే వాడు పడ్డ చోటికి మేము నడిచి వచ్చేవాళ్ళం. కాలనీలో ప్రతి తల్లికీ ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు.

ఇప్పుడు ఆ మఖ్లూఫ్ పని క్యాబిన్‌లో చచ్చి పడున్నాడు. చంపిందని హద్దా పిన్నిని పట్టుకున్నారు.

నేను వెళ్ళేసరికి జండార్మ్‌ల జీపు గేటు లోపలే ఉంది. పిన్ని వెనక సీట్లో, చేతులకి బేడీలతో, ఒళ్ళో తన గుడ్డ సంచీ పెట్టుకుని కూర్చుంది. ఆ జీపు కొండ దాటిందంటే ఆవిడ ఏ కాగితం మీద వేలిముద్ర వేయమంటే దాని మీద వేస్తుంది. అక్కణ్ణుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళని నేను చూశాను, వేయకుండా వచ్చినవాళ్ళు లేరు.

నేను చేసిన మొదటి పని గేటు మూసి తాళం వేయడం. నాలుగేళ్ళ కింద స్థలం అప్పగించినప్పుడు నా చేతికిచ్చిన ఆస్తి ఆ తాళంచెవి ఒక్కటే.

వాళ్ళ అధికారి, అడ్జుటెంట్ ఖెర్రూబీ, సిగరెట్టు పెదాల మధ్య నుంచి తీయకుండానే నవ్వాడు. రంజాన్ సాయంత్రం కాఫీ తాగి వచ్చిన ఘనుడు ఇతనే.

"శ్రమపడి వచ్చావు చెల్లెమ్మా. కాపలావాడు ఫోన్ చేశాకే మేమూ ఈ గేటు తొక్కాం. ముసల్ది విషం పెట్టింది, వాడు తిన్నాడు, పోయాడు. కేసు అయిపోయింది. పోయి నీ ఠాణాలో కూర్చో. అయ్యో, నీకు ఠాణా లేదు కదూ?"

"ఉంది. మీరు నిలబడింది అందులోనే," అన్నాను.

అర్థం కాలేదతనికి. కాలనీ మొత్తం మీదే, కానీ ఈ కంచె లోపలి జాగాని నాలుగేళ్ళ కిందే పోలీసు శాఖకి రాసిచ్చారని గుర్తు చేశాను. గోడలు లేకపోవచ్చు, నేల మాత్రం మాది. శవం ఉన్నది కంచె లోపల, ముద్దాయి అంటున్న మనిషి కూర్చున్న జీపు కూడా కంచె లోపల. దారిలోనే ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేశాను, చీకటి పడేలోగా వస్తానన్నాడు. తను వచ్చేదాకా శవాన్నీ మనిషినీ ఎక్కడున్నవాళ్ళని అక్కడే ఉంచమన్నాడు.

ఖెర్రూబీ నవ్వు సగంలో ఆగింది. "నన్ను లోపలేసి తాళం వేస్తావా?"

"వేసింది గేటుకి. మీకు కాదు, ఇంకా."

అతని వెంట వచ్చిన ఇద్దరు జవాన్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అతను సిగరెట్టు నేలకేసి నలిపి, ఇంకోటి వెలిగించాడు.

క్యాబిన్‌లో మఖ్లూఫ్ బల్ల పక్కన బోర్లా పడున్నాడు. నోటి చుట్టూ నురగ, గోళ్ళలో మట్టి. పొలాల్లో కొట్టే పురుగుమందు వాసన గుమ్మంలోనే తగిలింది. నేను వెంట తెచ్చుకున్న డాక్టరు కూడా అదే అన్నాడు: పురుగుమందు, లోపలికి వెళ్ళిన కాసేపట్లోనే పని చేసింది. బల్ల మీద ఏమీ లేదు. గ్లాసు లేదు, సీసా లేదు, బూడిద లేదు. బల్ల తుడిచి ఉంది. నాలుగేళ్ళలో ఆ క్యాబిన్‌లో ఎవరూ బల్ల తుడవగా నేను చూడలేదు.

శవాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాను. కోపం తగ్గుతుందేమోననుకున్నాను, తగ్గలేదు. సంజాయిషీ చెప్పకుండా జారుకున్నాడని ఇంకాస్త పెరిగింది.

కాపలావాడు సాసీ క్యాబిన్ గోడ వారగా ముడుచుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, ఈ కంచెకి నాకంటే పాతకాపు. జరిగింది చెప్పమన్నాను. తెల్లవారగానే కాంక్రీటు లారీలు వచ్చాయట. ఎవరికీ ముందు చెప్పలేదు. మఖ్లూఫే దగ్గరుండి కప్పు పోయించాడు. మా దగ్గర కప్పు పోసిన రోజు ఇంటి యజమాని పనివాళ్ళకి కుస్కుసు, అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ, పెట్టాలి. పెట్టని ఇంటి కప్పు నిలవదంటారు. సర్కారు కట్టడానికి యజమాని ఎవరు? కాలనీ ఆడవాళ్ళే తలా ఇంత వేసుకుని, కుస్కుసు, మాంసం, గుమ్మడికాయ, శనగలు పోగుచేశారు. వండింది, పెద్ద చెక్క పళ్ళెంలో మోసుకొచ్చింది హద్దా పిన్ని.

పళ్ళెం చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. మఖ్లూఫ్, సాసీ, పంపు డ్రైవరు, ఇద్దరు తాపీ మేస్త్రీలు. తిన్నారు, లేచారు. మఖ్లూఫ్ క్యాబిన్‌లోకి వెళ్ళాడు. తర్వాత సాసీ వెళ్ళి చూసేసరికి కింద పడున్నాడు. భయంతో జండార్మ్‌లకి ఫోన్ చేశాడు.

"మఖ్లూఫ్ తిన్నాడా?"

"తిన్నారమ్మా."

"నువ్వు ఆయన పక్కనే కూర్చున్నావా?"

"పక్కనేనమ్మా."

"నువ్వూ తిన్నావు. నీకేం కాలేదే?"

సమాధానం ఖెర్రూబీ ఇచ్చాడు, వెనక నుంచి. "ఎవడి ముందున్నది వాడు తింటాడు గదా చెల్లెమ్మా. మీ అమ్మ నేర్పలేదా? ముసల్ది విషం వాడి వైపే కలిపింది. తెలివైన పాము."

మా అమ్మ నేర్పింది. ఒక పళ్ళెంలో పదిమంది తిన్నా ఎవరి ముందున్న భాగం వాళ్ళది. పక్కవాడి వైపు చెంచా పెట్టడం మా దగ్గర జేబులో చెయ్యి పెట్టడం కంటే తప్పు. అందుకే అతని మాట వినడానికి బాగానే ఉంది. ప్రాసిక్యూటర్‌కి కూడా బాగానే ఉంటుంది. పిన్ని మెడకి ఉరి బిగియడానికి ఆ మాట చాలు.

పళ్ళెం చూడాలన్నాను.

అది కొత్త కప్పు కింద, గుంజల మధ్య, గుడ్డ కప్పి ఉంది. పంపు మీద ఉన్నవాళ్ళు తర్వాత తింటారని సగం మిగిల్చారట. పైనుంచి చెక్కల సందుల్లోంచి సిమెంటు నీళ్ళు ఇంకా చుక్కలుగా పడుతున్నాయి. గుడ్డ తీశాను. తిన్న చోటల్లా గుంటలు, అయిదుగురికి అయిదు. నాలుగు గుంటలు ఒకలాగే ఉన్నాయి. అడుగు గుండ్రంగా, అంచులు ఎర్రగా, పులుసు ఇంకి, ఒకటి రెండు శనగలు జారి లోపల పడి. అయిదోది వేరేగా ఉంది. అడుగు చదునుగా, గోడలు నిట్టనిలువుగా, కోసిన కేకు ముక్కలా ఉంది. కుస్కుసు గింజ తెల్లగా పొడిగా, గడ్డలు గడ్డలుగా విరిగింది. పులుసు తగల్లేదు, చెంచాతో ఎవరూ కలపలేదు. నెయ్యి పేరుకున్నాక, పూర్తిగా చల్లారాక, ఎవరో దాన్ని తవ్వారు.

చెంచాతో కాదు. చెంచా అడుగున చదును రాదు.

చెంచాలేవని సాసీని అడిగాను. భోజనం అవగానే పిన్ని తీసేసుకుందట. ఇలాంటి చోట్ల వస్తువులకి కాళ్ళొస్తాయని ఏ ఇల్లాలైనా చెక్క చెంచాలు వదిలి వెళ్ళదు. అంటే తవ్వినవాడికి చేతికందింది ఇంకేదో. చుట్టూ చూశాను. మేస్త్రీల పనిముట్లు కడిగి మేకులకి తగిలించి ఉన్నాయి. కాంక్రీటు గట్టిపడకముందే కడగకపోతే పాడైపోతాయి, ఆ బుద్ధి వాళ్ళకుంది. ఒక తాపీ మాత్రం బకెట్లో మునిగి ఉంది. బూడిద రంగు సిమెంటు నీళ్ళ మీద పసుపు పచ్చని నెయ్యి తేలుతోంది.

వేలితో నెయ్యి తీసి వాసన చూశాను. మా ఇళ్ళల్లో మాగబెట్టే నెయ్యే. ఖెర్రూబీకి చూపించాను.

"కుస్కుసు మీద డిగ్రీ చదివావా చెల్లెమ్మా?" అన్నాడు. గొంతులో మాత్రం ఇందాకటి సరదా లేదు.

"మీరు చదవలేదని తెలుస్తోంది. వంటగదిలోకి ఎప్పుడూ వెళ్ళని మగాడి పని ఇది."

సాసీని ఒక్కణ్ణే స్తంభం చాటుకి తీసుకెళ్ళాను. గట్టిగా ఏమీ అడగలేదు. పక్కనే కూర్చుని తిన్న నీకు, పక్కవాడు తినలేదని తెలియకుండా ఉంటుందా అన్నాను. ఈ అబద్ధం వల్ల రమ్జీ తల్లి కొండ దాటుతుందన్నాను. రమ్జీని పడ్డ చోటి నుంచి ఎత్తింది సాసీయేనని నాకు తెలుసు. ముసలాయన గొంతు తగ్గించాడు.

"ఒక్క చెంచా ఎత్తారమ్మా. నోటి దాకా తెచ్చి దించేశారు. పిన్ని ఎదురుగా నిలబడి చూస్తోంది. తినండి మఖ్లూఫ్ గారూ అంది. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని, కడుపు బాగాలేదని లేచిపోయారు."

"తర్వాత ఆ పళ్ళెం దగ్గరికి ఎవరెళ్ళారు?"

సాసీ కళ్ళు ఖెర్రూబీ బూట్ల మీదికి వెళ్ళి వచ్చాయి. చివరికి గొణిగాడు. జండార్మ్‌లు వచ్చాక పనివాళ్ళని ఇళ్ళకి తరిమి, తనని బయట నిలబెట్టి అడ్జుటెంట్ గారొక్కరే కప్పు కిందికి వెళ్ళారట.

మఖ్లూఫ్ కుస్కుసు తినలేదు. అంటే విషం అందులో లేదు. మఖ్లూఫ్ తిన్నట్టు గుంట చేసి, లేని విషాన్ని ఆ పళ్ళెం మీదికి నెట్టడానికి ఒక మనిషి తాపీ పట్టుకున్నాడు. ఇంత దొరికాక ఆలస్యం చేయకూడదనుకుని మా కమిషనర్ బూగెర్రాకి ఫోన్ చేశాను. నన్ను ఈ ఠాణాకి నియమించిన పెద్దమనిషి ఆయనే. మీ అమ్మాయిలాంటిదాన్ని సార్ అని నేను నిజంగానే అనుకునే మనిషి. తాపీ సంగతి, నెయ్యి సంగతి, అడ్జుటెంట్ సంగతి చెప్పాను.

"బాగా చేశావమ్మా. అతన్ని ఎవరితోనూ మాట్లాడనివ్వకు. ముసలావిడని కూడా. నేనే బయల్దేరుతున్నా," అన్నాడు.

నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే జీపు దగ్గరికి వెళ్ళాను. ఆవిడతో మాట్లాడొద్దన్న మాట అప్పటికే మర్చిపోయాను.

హద్దా పిన్ని నన్ను చూసి జరిగి చోటిచ్చింది, పలకరింపుకి వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు. చెంచాలు చూపించమన్నాను. బేడీల చేతులతోనే సంచీ విప్పింది. అయిదు చెక్క చెంచాలు. నాలుగింటికి ఎర్రగా పులుసు ఎండిపోయి ఉంది. ఒకదాని మీద మొదటి ముద్ద మెతుకులు నాలుగు అంటుకుని ఉన్నాయి, అంతే.

"ఇది వాడిది. వాడు తినడని నాకు తెలుసు బిడ్డా," అంది.

ఎలా తెలుసన్నాను.

"వాళ్ళ ఆకలి తీరుద్దామని వండలేదు నేను. నా కొడుకు నెత్తురు ఎవరి చేతికంటిందో చూద్దామని వండాను. ఆ చేత్తో నా ఉప్పు తినలేరు. తింటే గొంతులోనే సాక్ష్యం చెబుతుంది. మా అత్త చెప్పేది, మా అమ్మా చెప్పేది. మఖ్లూఫ్‌కీ వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది, మన ఊళ్ళోవాడేగా."

గొంతు ఎత్తలేదావిడ. కొడుకు పోయినప్పటి నుంచి కాలనీలో ఎవరూ ఆవిడ ఏడుపు వినలేదు. లోపల ఏం మరుగుతోందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఇన్ని నెలలూ ఆవిడ ఓపిక పట్టింది మర్చిపోవడానికి కాదు, ఒక పళ్ళెం కుస్కుసు వండే రోజు కోసం.

"తిననిది వాడొక్కడే కాదు. ఇద్దరు," అంది.

"రెండోవాడెవరు?"

ఆవిడ బేడీలు ఎత్తి చూపించింది. "నాకివి వేసినవాడు."

సాసీ ఫోన్ చేశాకే మొదటిసారి ఈ గేటు తొక్కానని ఖెర్రూబీ అందరి ముందూ చెప్పాడు. పిన్ని చెప్పింది వేరు. భోజనాల మధ్యలోనే అతను ఒక్కడే, యూనిఫాం మీద కోటు వేసుకుని, చేతిలో ఫ్లాస్కుతో వచ్చాడు. కప్పెందుకు పోశావని మఖ్లూఫ్‌ని అడిగాడు. పిన్ని అతనికీ చోటు చూపించి కూర్చోమంది. గురువారం కదా, పుణ్యం కోసం ఉపవాసం ఉన్నానన్నాడట. దేవుడు మెచ్చుకుంటాడని పిన్ని పక్కకి జరిగింది. తర్వాత క్యాబిన్ కిటికీలోంచి చూస్తే, ఆ ఉపవాసి ఫ్లాస్కులోంచి మఖ్లూఫ్‌కి కాఫీ పోసి ఇస్తున్నాడు. ఇదంతా సాసీ భయంతో మింగేశాడు.

ఖెర్రూబీ నా ఎదురుగా రెండో సిగరెట్టు కాలుస్తున్నాడు. ఉపవాసంలో పొద్దు వాలేదాకా పొగ కూడా తాగకూడదు. ఇంకా పొద్దు వాలలేదు.

ఇవన్నీ జీపు తలుపు తీసే మాట్లాడాం. గేటు అవతల అప్పటికే ఆడవాళ్ళు పోగయ్యారు. గుమ్మడికాయ కోసినవాళ్ళు, శనగలు నానబెట్టినవాళ్ళు. పిన్ని మాట గేటు దాటి, ముందు వరసలోంచి వెనక వరసకి, అక్కణ్ణుంచి మేడల మీదికి పాకింది. చేతుల్లోకి రాళ్ళు వచ్చాయి, ఇళ్ళలోంచి ఇత్తడి రోకళ్ళు వచ్చాయి. ఎవరూ అరవడం లేదు. అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

జవాన్లిద్దరూ అడ్జుటెంట్ పక్క నుంచి నాలుగడుగులు అవతలికి జరిగారు. వాళ్ళమ్మలూ కుస్కుసు వండినవాళ్ళే కదా.

నేను ఖెర్రూబీ తుపాకీ అడిగాను. ఇచ్చాడు. పిన్ని బేడీలు తీయించి, అవే అతనికి వేశాను. అప్పుడు గాని అతను గేటు కేసి సరిగ్గా చూడలేదు.

"తెరవకు," అన్నాడు. చెల్లెమ్మా అనే మాట ఎక్కడో పారేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే తెరవాలనిపించింది. తాళంచెవి జేబులోనే ఉంది. ఆ రంజాన్ సాయంత్రం రమ్జీ ఎంతసేపు నేల మీద పడున్నాడో ఇతన్నీ అంతసేపు పడి ఉండనివ్వచ్చు. తర్వాత జనం ఎక్కువై ఆపలేకపోయానని నేను రాసుకోవచ్చు, ఎవరూ కాదనరు. పిన్ని నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ అడగలేదు. అడిగితే ఇచ్చేసేదాన్నేమో.

"మా కమిషనర్ వస్తున్నాడు. ఆయనకి అప్పగిస్తాను. బతికే ఉంటావులే," అన్నాను.

నేను అతనికి ప్రాణభిక్ష పెట్టాననుకున్నాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"బూగెర్రాని పిలిచావా? నువ్వా?"

తర్వాత నవ్వాడు. భయపడ్డవాడు నవ్వే నవ్వు. ఈ ఠాణాని ఆపింది నేననుకుంటున్నావా అని అడిగాడు. ఈ కాలనీ నేలమాళిగల్లో మత్తు బిళ్ళల పెట్టెలు దాస్తున్న సంగతి కొండ అవతల అందరికీ తెలుసన్నాడు. వాటికి కావలసింది ఎవరిదీ కాని నేల. పోలీసులు రాకూడని, జండార్మ్‌లు చూడని నేల. చూడకుండా ఉండటం తన వంతు. ఠాణా లేవకుండా చూడటం ఇంకొకరి వంతు. మఖ్లూఫ్ ఇద్దరి మధ్యా నలిగి, రమ్జీ చచ్చాక నిద్రపట్టక, చివరికి ఈ ఉదయం తెగించి కప్పు పోశాడు. అది తెలియగానే ఫోన్ వచ్చిందట. కాఫీ పట్టుకెళ్ళమన్నారట.

"ఎవరు చేశారు ఫోను?"

"ఈ ఠాణాకి అయిదుగురు మగాళ్ళ పేర్లుంటే, అవి పక్కన పెట్టి బూగెర్రా నీ పేరెందుకు రాశాడో ఎప్పుడైనా ఆలోచించావా? మగాడైతే రెండో నెలలోనే నా ఠాణా ఏదని బల్ల గుద్దుతాడు. నువ్వయితే కుర్చీ ఇచ్చినందుకే కృతజ్ఞతగా పడుంటావని. నాలుగేళ్ళు పడున్నావు కూడా."

చెంపదెబ్బలు నేనెరుగుదును, ఇంత గట్టిది ఎరగను. నీళ్ళ కుండ పక్కన కూర్చున్న ప్రతి రోజూ ఒక్కసారిగా గుర్తొచ్చింది. పండగకి ఆయనిచ్చిన మిఠాయిలు, ఓపిక పట్టమ్మా అన్న ప్రతి మాటా గుర్తొచ్చాయి. నేను ఓపిక పట్టిన రోజుల్లోనే రమ్జీ చచ్చిపోయాడు. అతన్ని ఎవరితోనూ మాట్లాడనివ్వకని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది. ఆయనొస్తే ఖెర్రూబీ ఈ రాత్రి బతకడు. పిన్ని బతకదు. తాపీ, చెంచాలు కూడా ఉండవు.

దూరంగా రోడ్డు మలుపులో సైరన్ వినిపించింది. ప్రాసిక్యూటర్‌ది కాదు, మా శాఖ బళ్ళది. ఆ మోత నాకు నిద్రలో కూడా తెలుసు.

గేటు దగ్గరికి పరిగెత్తి తాళం తీశాను. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒక్క ఊపున కదిలారు.

"రాళ్ళు అక్కడే పడేసి రండి. వీణ్ణి కొడితే మనం ఓడిపోతాం. వీడి నోట్లో ఒక పేరుంది, అది మీరంతా వినాలి," అన్నాను.

ఎవరూ పడేయలేదు. అప్పుడు హద్దా పిన్ని జీపు దిగి, చెంచాల సంచీ భుజాన వేసుకుని, కప్పు కిందికి నడిచి, పళ్ళెం పక్కన నేల మీద చతికిలబడింది. "కూర్చోండే," అంది. రాళ్ళు ఒకటొకటిగా గేటు బయట పడ్డాయి. తడి కప్పు కింద, గుంజల మధ్య, ఖాళీ లేకుండా కూర్చున్నారు. పైనుంచి సిమెంటు నీళ్ళు కొప్పుల మీద, తలగుడ్డల మీద పడుతుంటే ఎవరూ తుడుచుకోలేదు. జవాన్లిద్దరూ కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. సాసీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఖెర్రూబీని పిన్నికి ఎదురుగా కూర్చోబెట్టాను. "ఇందాక నాతో చెప్పినదంతా మళ్ళీ చెప్పు. ఈవిడ మొహం చూసి చెప్పు."

అతను ఆ జనాన్ని చూశాడు, దగ్గరపడుతున్న సైరన్ విన్నాడు. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో లెక్క వేసుకున్నట్టున్నాడు. చెప్పాడు. ఫ్లాస్కు నుంచి మొదలుపెట్టి పేరు దాకా చెప్పాడు. పేరు వినబడలేదని వెనక నుంచి ఒకావిడ అంటే, ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

మొదటి బండి గేటులోకి వచ్చి ఆగింది. కమిషనర్ బూగెర్రా దిగాడు, వెనక ఆరుగురు మనుషులు. మొహం నిండా నాకు అలవాటైన ఆ చిరునవ్వు. కప్పు కింద కూర్చున్న జనాన్ని చూసి చిరునవ్వు అలాగే ఉంచుకుని ఆగాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ దారి ఇవ్వలేదు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన తెలివైనవాడు, ఎవరూ ఏమీ చెప్పకుండానే గ్రహించాడు. కుడి చెయ్యి నెమ్మదిగా నడుము దగ్గరికి వెళ్ళి, తుపాకీ ఒర గుండీ విప్పింది.

"నవారా, ముద్దాయిని నాకప్పగించు. వీళ్ళందరినీ బయటికి పంపు," అన్నాడు.

నేను ఖెర్రూబీ తుపాకీని ఒళ్ళో పెట్టుకుని, ఒక ఇటుకల దొంతి మీద కూర్చున్నాను. ఆయనకి ఎదురుగా ఇంకో దొంతి చూపించాను.

"పంపను సార్. మీరు నన్ను ఏ ఠాణాకి అధికారిని చేశారో ఆ ఠాణాలో మొదటి కేసు రాస్తున్నాను. కూర్చోండి. మీ పేరు, మీ నాన్నగారి పేరు చెప్పండి."